తగలకుండా కాల్చే విద్య

టార్గెట్లు ఉండేది కాల్చడానికే అని మీరు అనుకుంటూ ఉంటే, క్షమించాలి, మీకు ప్రభుత్వ ఆస్తి గురించి ఏమీ తెలియదు. మొదట్లో నాకూ తెలియదు. తెలుసుకున్నాక ఆ విషయంలోనే నాకు షీల్డు ఇచ్చారు.

నా పేరు లెంక సత్యానందం. జిల్లా సాయుధ పోలీసు విభాగంలో రిజర్వు సబిన్‌స్పెక్టర్ని. ఊరి బయట ఉన్న గంటికొండ ఫైరింగ్ రేంజికి ఇన్‌చార్జిని. రేంజి ఇన్‌చార్జి అనగానే మీకు మెలితిప్పిన మీసం, తిరుగులేని గురి గుర్తొస్తాయి. నాకు మీసం ఉంది. ఇక గురి సంగతంటారా, ఉద్యోగంలో చేరింది మొదలు ఏటా వార్షిక ఫైరింగ్‌లో నా వాటా రౌండ్లు కాలుస్తూనే ఉన్నాను. అవి వెనకాల మట్టికట్టకు తగులుతాయి. ఒకసారి పక్కవాడి టార్గెట్టుకు తగిలి వాణ్ణి పాస్ చేయించాయి. ఇంకోసారి ఒక రౌండు రేంజి బోర్డు మీద రాసి ఉన్న 'జాగ్రత్త' అన్న మాటకు తగిలింది. నా టార్గెట్టు జోలికి మాత్రం అవి ఏనాడూ వెళ్లలేదు. అప్పటి కమాండెంట్ గారు బాగా ఆలోచించి, ఇతన్ని రైఫిలుకు దూరంగా, టార్గెట్లకు దగ్గరగా ఉంచితే అందరికీ క్షేమం అని నన్ను ఇక్కడ వేశారు.

ఆ రోజుల్లో టార్గెట్టంటే గోనెపట్టా మీద అతికించిన కాగితం. కాల్పులు అయిపోయాక మైదా జిగురు డబ్బా పట్టుకుని వెళ్లి చిల్లుల మీద చిన్న చిన్న కాగితం ముక్కలు అంటించేవాణ్ణి. నా టార్గెట్టుకు ఆ శ్రమ కూడా ఉండేది కాదు.

తరవాత ఎలక్ట్రానిక్ టార్గెట్లు వచ్చాయి. అందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఇనుప చట్రం, దాని ముందు నల్లటి రబ్బరు షీటు, నాలుగు మూలలా నాలుగు మైకులు. తూటా షీటును చీల్చుకుని పోతుంటే మైకులు ఆ చప్పుడు విని, ఎక్కడ తగిలిందో లెక్కకట్టి, కాల్చేవాడి పక్కనున్న తెర మీద చుక్క పెడతాయి. నడిమధ్యన తగిలితే పది పాయింట్లు. చిల్లులు ఎక్కువైతే లెక్క తప్పుతుంది కాబట్టి షీటు తీసేసి కొత్తది తొడగాలి. ఈ ముక్క కంపెనీ ఇంజనీరు నాకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నేను రెండుసార్లూ తలూపాను.

సామాను దిగిన రోజున దాన్ని స్వీకరించడానికి ఒక కమిటీ వచ్చింది. దానికి పెద్ద శ్రీ అవసరాల కోదండపాణి గారు, ఆస్తుల పరిరక్షణ విభాగం ఉపసంచాలకులు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదువుతున్నట్టే ఉంటుంది. చివర సంతకం ఒక్కటే తక్కువ.

"ఈ సామగ్రి ఏ వర్గంలోకి వస్తుందో స్పష్టపరచవలసి ఉంది. సుద్దముక్క, సబ్బు, ఫినాయిల్ మాదిరి ఖర్చయిపోయే సామానా? బల్ల, బీరువా మాదిరి నిలిచి ఉండే సామానా?" అని అడిగారాయన.

నేను టార్గెట్ల వంక చూశాను. కొత్త పెళ్లికొడుకుల్లా మెరిసిపోతున్నాయి. అంతటి సామాన్ని ఫినాయిల్ సరసన చేర్చడానికి నాకు మనసొప్పలేదు.

"నిలిచి ఉండేదే సార్."

"రబ్బరు షీటుతో సహానా?"

"షీటుతో సహా సార్."

ఆయన నా భుజం తట్టారు. ఆ తట్టినచోట నాకు సాయంత్రం దాకా వెచ్చగానే ఉంది.

ఆ రోజు నుంచి నా బతుకు టార్గెట్ల చుట్టూ తిరిగింది. పొద్దున్నే వెళ్లి మెత్తటి గుడ్డతో మైకుల మీద దుమ్ము తుడిచేవాణ్ణి. బోల్టులు బిగించేవాణ్ణి. ఎలుకలు కేబుళ్లు కొరికాయేమోనని పాకుతూ వెళ్లి చూసుకునేవాణ్ణి. వాన పడితే ఇంట్లో ఆరేసిన బట్టల సంగతి గుర్తొచ్చేది కాదు, టార్గెట్ల మీద టార్పాలిన్ కప్పానా లేదా అన్నదే బెంగ. "ఇంట్లో ఫ్యాను మీద దుమ్ము పేరుకుపోతే మాత్రం కనపడదు" అని మా ఆవిడ అనేది. ఫ్యాను తనిఖీ నా విధుల్లో లేదని చెప్పి ఆ పూట భోజనం ఆలస్యంగా తిన్నాను.

కొత్త టార్గెట్ల మీద మొదట కాల్చింది కానిస్టేబుల్ కోరాడ పైడితల్లి. ట్రెజరీ గేటు దగ్గర కాపలా డ్యూటీ ఆమెది. బక్కగా, పొడుగ్గా ఉంటుంది. అవసరమైతే తప్ప నోరు విప్పదు. చాప మీద బోర్లా పడుకుని రైఫిలు భుజానికి ఆనించిందంటే చాపకీ ఆమెకీ తేడా తెలియదు, అంత కదలకుండా ఉంటుంది. ఆ రోజు ఆమె కాల్చిన ప్రతి రౌండుకూ తెర మీద చుక్క నడిమధ్యనే పడింది. పది, పది, పది. మా కమాండెంట్ గారు బెల్టు సర్దుకుంటూ, "ఏమ్మా, ఇంతకాలం ఎక్కడున్నావు?" అన్నారు.

"గేటు దగ్గిరే ఉన్నాను సార్."

దసరా వెళ్లాక రాష్ట్ర పోలీసు జట్టుకు ఎంపిక పోటీలున్నాయి. ఆమె పేరు పంపాలని అక్కడికక్కడే నిర్ణయం అయిపోయింది. అందరూ వెళ్లిపోయాక పైడితల్లి తూటాల ఖాళీ తొడుగులు ఏరుతూ నాతో చెప్పింది. "సార్, నాకు మాట తీరు తెలీదు, పరుగు రాదు, డ్రిల్లులో కూడా ఎనకే. ఇదొక్కటే నాకు బాగా ఒచ్చు. ఆ జట్టులో సోటు దొరికితే సాలు సార్, ఇంకేటీ ఒద్దు." ఆమె నాతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు. నాకు సంతోషం వేసింది. నీకేం భయంలేదమ్మా, టార్గెట్లు నేను చూసుకుంటాను అన్నాను.

అలాగే చూసుకున్నాను.

కొన్నాళ్లకు కోదండపాణి గారు తనిఖీకి వచ్చారు. చేతిలో భూతద్దం. పైడితల్లి కాల్చిన టార్గెట్టు ముందు ఆగి, ముక్కు షీటుకు తగిలేంత దగ్గరగా వంగారు.

"ఏమిటిది?"

"చిల్లు సార్."

"చిల్లు అని నాకూ గోచరిస్తోంది. నిలిచి ఉండే ఆస్తికి చిల్లు ఎలా సంభవించింది?"

"కాల్చారు సార్."

"ఎవరు?"

"కానిస్టేబుల్ పైడితల్లి సార్."

"ప్రమాదవశాత్తూ తగిలిందా? ఉద్దేశపూర్వకమా?"

నేను ఆ పిల్లకు మంచి చేద్దామనే అనుకున్నాను. "ప్రమాదమేమీ లేదు సార్. చక్కగా గురిచూసి, ఊపిరి బిగబట్టి కొట్టింది. ఆమె గురి తప్పనే తప్పదు సార్."

"పథకం ప్రకారం" అని ఆయన పక్కనున్న గుమాస్తాకు చెప్పి రాయించారు. తరవాత జేబులోంచి స్కేలు తీసి కొలిచారు. "పైగా ఒకటి కాదు. ఆస్తికి అత్యంత కీలకమైన కేంద్రభాగాన్ని ఎంచుకుని, అక్కడే, పదేపదే! సర్వీసులో ఇంత పట్టుదలతో కూడిన విధ్వంసం నేను చూడలేదు."

మిగతా టార్గెట్ల మీద అక్కడొకటి ఇక్కడొకటి చిల్లులున్నాయి. వాటిని చూసి, వీరు కొంత సంయమనం పాటించినట్టు కనబడుతోందని అన్నారు. చివరి టార్గెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన నడక నెమ్మదించింది. దాని మీద గీత కూడా లేదు.

"ఇది ఎవరిది?"

"నాదే సార్."

"మీరు కాల్చలేదా?"

"నా వాటా మొత్తం కాల్చాను సార్."

కోదండపాణి గారు కళ్లజోడు తీశారు. "కాల్చి కూడా, ఆస్తికి హాని కలగనివ్వలేదు" అన్నారు మెల్లగా, తనలో తాను అనుకుంటున్నట్టు. తరవాత నాకు చేయి కలిపారు. నా ఫైరింగ్ ఫలితం చూసి ఎవరైనా నాకు చేయి కలపడం అదే ప్రథమం. పాత కమాండెంట్లు తిట్టిన తిట్లన్నీ ఒక్క దెబ్బతో కొట్టుకుపోయాయి. నేను సిగ్గుపడుతూ, ఏదో సార్, అలవాటైపోయింది అన్నాను.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ ఆస్తులైన టార్గెట్ల భౌతిక సమగ్రతకు ఎట్టి పరిస్థితుల్లోనూ భంగం వాటిల్లకుండా కాల్పుల అభ్యాసం నిర్వహించవలసినదిగా ఇందుమూలంగా ఆదేశించడమైనది. కమాండెంట్ గారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నన్ను ఎదురుగా నిలబెట్టుకుని కోదండపాణి గారికి ఫోను చేశారు.

"అయితే ఫైరింగ్ ఆపేయమంటారా అండీ?"

"ఆపరాదు" అంది ఫోను. గదంతా వినబడే గొంతు ఆయనది. "వార్షిక ఫైరింగ్ తప్పనిసరి. కేటాయించిన రౌండ్లు ఏడాది లోపల వినియోగించని పక్షంలో మురిగిపోవును."

"పోనీ, పక్కకి కాల్చమంటాం."

"కూడదు. గురి టార్గెట్టు కేంద్రం మీదనే నిలపవలెనని ఫైరింగ్ నిబంధనల్లో ఉన్నది. ఎటో చూసి కాల్చుట మందుగుండు దుర్వినియోగం కిందకు వచ్చును."

"అంటే, గురి నడిమధ్యనే పెట్టాలి, కాల్చాలి, తగలకూడదు."

"తమరు సరిగా గ్రహించారు."

"మరి తూటా ఎక్కడికి పోవాలండీ?"

"అది మా విభాగం పరిధిలోకి రాదు."

కమాండెంట్ గారు ఫోను పెట్టేసి నా వంక చూశారు. చూస్తూనే ఉన్నారు. "సత్యానందం, నీ రోజులొచ్చాయయ్యా" అన్నారు.

అలా నేను మాస్టర్ ట్రైనర్నయ్యాను.

మా వాళ్లలో చాలామందికి నా శిక్షణ అవసరమే లేకపోయింది. ఎన్నో ఏళ్లుగా వార్షిక ఫైరింగ్‌లో ఫెయిలవుతూ, తలదించుకుని తిరిగినవాళ్లంతా ఒక్కసారిగా మొదటి శ్రేణిలోకి వచ్చేశారు. చత్వారం వచ్చిన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన జిల్లాలో ద్వితీయుడయ్యాడు. ప్రథముడు ఎవరో మీరే ఊహించుకోవచ్చు. గురి నిజంగా నడిమధ్యనే ఉందో లేదో చూడటానికి ఒక మనిషిని దుర్భిణీతో పక్కన కూర్చోబెట్టాం. కాల్పులయ్యాక అందరం కలిసి వెళ్లి భూతద్దంతో షీటు చూసి, క్షేమమే అని సంతకాలు చేసేవాళ్లం. చిల్లు కనిపించకపోతే చప్పట్లు.

నిర్వహణ కూడా నా ఆధ్వర్యంలో అంతకంతకూ మెరుగుపడింది. వెలిగించిన కొద్దీ తెర ఆయుష్షు తగ్గుతుందని తెరలు ఆర్పించాను. మైకులు ఊరికే పెద్ద చప్పుళ్లు వింటే పాడవుతాయేమోనని వాటికి దూది పెట్టించాను. షీట్లకు ముఖమల్ కవర్లు కుట్టించాను. ఆ కవర్లు కూడా నిలిచి ఉండే ఆస్తి కిందే నమోదయ్యాయి గనక, వాటికీ తగలకుండా కాల్చాలి. వెనకాల మట్టికట్ట మాత్రం తూటాలు తిని తిని ఒక పక్కకు కుంగింది. అది ఎవరి ఆస్తో ఎవరికీ తెలియదు కనక ఎవరూ బాధపడలేదు.

ఆ ఏడు ఉత్తమ నిర్వహణ షీల్డు మాకే వచ్చింది. పక్క జిల్లాల నుంచి అధ్యయన బృందాలు వచ్చాయి. నేను వాళ్లకు టార్గెట్లు చూపించేవాణ్ణి. కోదండపాణి గారు ఉపన్యాసం ఇచ్చేవారు. ఒక జిల్లా ఇన్‌స్పెక్టరు లేచి, "సార్, రేపు నిజంగా ఎవడైనా దొంగ తుపాకీతో ఎదురొస్తే?" అని అడిగాడు.

"దొంగ నిలిచి ఉండే సామాను కాదు" అన్నారు కోదండపాణి గారు. "అతనికి తగలవచ్చు."

అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

ఇంత సందడిలోనూ ఒక్క మనిషి దారికి రాలేదు. పైడితల్లి కాలిస్తే నా ముఖమల్ కవరుకు సరిగ్గా నడుమ చిల్లు పడేది. మొదటిసారి మందలించాం. రెండోసారి మెమో వచ్చింది. ఆమె దాన్ని మడిచి చేత్తో పట్టుకుని, ఎండలో నడిచి రేంజికి వచ్చింది.

"ఇదేటి సార్? కొట్టమన్నారు, కొట్టినాను. ఇప్పుడు ఎందుకు కొట్టినావని కాయితం ఇచ్చినారు."

చదివాను. మరొక్క చిల్లు పడితే సస్పెండు చేసి విచారణ జరిపిస్తామని ఉంది. విచారణాధికారి ఎవరో కూడా అందులోనే ఉంది. కోదండపాణి గారే.

"తగలకుండా కాల్చాలమ్మా. అందరూ కాలుస్తున్నారు కదా."

"గురి నడుమే పెట్టమంతన్నారు కదా సార్. నడుమ గురెడితే నడుమే తగులుతాది. మరెలగ?"

ప్రశ్న న్యాయమైనదే. ఆ ప్రశ్న అడిగింది ఆ ఏడాదంతా ఆమె ఒక్కతే. కానీ నేను మాస్టర్ ట్రైనర్ని. తెలియని ప్రశ్నకు కూడా జవాబు చెప్పగల హోదా నాది. ఉద్యోగం పోతే జట్టూ లేదు, ఏదీ లేదు, ముందు ఇది గట్టెక్కు, తరవాత చూద్దాం అన్నాను. కమాండెంట్ గారు కూడా ఆమెను నాకే అప్పగించారు. "నీకు తెలిసిందంతా నేర్పెయ్" అన్నారు.

మర్నాడు పొద్దున్నుంచి శిక్షణ మొదలుపెట్టాను. పాత గోనెపట్టా ఒకటి పాతి, దాని మీద కాగితం అంటించాను. ఇద్దరం పక్కపక్కన చాపల మీద పడుకున్నాం. ముందు నేను కాల్చి చూపించాను. మట్టికట్ట మీద ఎక్కడో దుమ్ము లేచింది. ఆమె నోరు తెరిచి చూసింది. నా సర్వీసులో ఒక షూటరు నా కాల్పును అంత శ్రద్ధగా గమనించడం అదే మొదటిసారి, నాకు కాస్త గర్వం కూడా వేసింది.

"సార్, ఎలగ సేసినారు? గురి నడుమే ఉంది, నాను సూసినాను!"

అప్పటిదాకా నేనెందుకు తప్పుతానో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆమె అడిగాక మొదటిసారి నన్ను నేను తనిఖీ చేసుకున్నాను. ట్రిగ్గరు నొక్కే ముందు నా కళ్లు మూసుకుపోతాయి. ఊపిరి ఎక్కువసేపు బిగబడతాను, దాంతో చేతులు వణుకుతాయి. వేలు మెల్లగా నొక్కదు, ఒక్కసారిగా గుంజుతుంది. వీటన్నిటికీ మూలం ఒక్కటే. చప్పుడు రాకముందే చప్పుడుకు భయపడతాను.

"చప్పుడు వస్తుందని ముందే ఉలిక్కిపడాలమ్మా. అదే అసలు కిటుకు" అన్నాను.

ఆమె ప్రయత్నించింది. కళ్లు గట్టిగా మూసుకుని కాల్చింది. నడుమ తగిలింది. ఊపిరి బిగబట్టి, ముఖం కందిపోయేదాకా ఆగి కాల్చింది. నడుమే. నాలాగా వేలు గుంజబోయింది. వేలు ఆమె మాట వినలేదు, దాని పాటికి అది వెన్న మీద నొక్కినట్టు నొక్కింది. కాగితం నడుమ చిల్లులన్నీ ఒకే చిల్లైపోయాయి.

"నాకు బయం రాదు సార్" అంది, తప్పు చేసినట్టు తలదించుకుని. "రైఫిలు పట్టుకుంతే నాకు ఏటీ గుర్తుకు రాదు. సల్లగా ఉంటాది."

ఆ మాట విన్నప్పుడైనా నేను లేచి, చాప చుట్టేసి ఉండవలసింది. కానీ నా కళ్ల ముందు ఆమె సస్పెన్షన్ ఉంది. నిజం చెప్పాలంటే నా షీల్డు కూడా ఉంది. ఆలోచించి ఆలోచించి, ఆ వారంలో నా తెలివంతా పెట్టి ఒక ఉపాయం చెప్పాను.

"ట్రిగ్గరు నొక్కే ముందు ఆ మెమోని తలుచుకో."

ఆమె రైఫిలు ఎత్తింది. గురి పెట్టింది. కాసేపు ఏమీ జరగలేదు. తరవాత ఆమె రెప్ప ఒక్కసారి కొట్టుకుంది, భుజం చిన్నగా అదిరింది. రౌండు పేలింది. మట్టికట్ట మీద, చాలా పైన, దుమ్ము లేచింది.

నేను చప్పట్లు కొట్టాను. "అదీ! అలాగే!" అన్నాను. ఆమె నా వంక చూడలేదు. తన చేతిని చూసుకుంది, అది వేరేవాళ్ల చెయ్యి అన్నట్టు.

ఆ తరవాత అంతా సులువైపోయింది. ఆమె ఏ పని చేసినా శ్రద్ధగా చేస్తుంది, ఇదీ అలాగే నేర్చుకుంది. కొన్నాళ్లకు మెమో తలుచుకోవలసిన అవసరం కూడా లేకపోయింది. రైఫిలు భుజానికి ఆనగానే రెప్ప కొట్టుకునేది. కోదండపాణి గారు స్వయంగా వచ్చి పరీక్ష పెట్టారు. ఆమె తన వాటా మొత్తం కాల్చింది. భూతద్దం పట్టుకుని ఆయన కవరు అంచులు కూడా చూశారు. ఎక్కడా ఏమీ లేదు.

"సంస్కరణ అనగా ఇదీ! విధ్వంస ప్రవృత్తి గల సిబ్బందిని సైతం ఆస్తి పరిరక్షణ దిశగా మళ్లించవచ్చునని రుజువైనది" అని ఆయన ఆమెకు ప్రశంసాపత్రం, నాకు దండ ఇప్పించారు. దండ బరువుగానే ఉంది. పైడితల్లి ఉద్యోగం నిలిచింది, ఒక మనిషి బతుకు నిలబెట్టాను అనుకుంటూ ఆ రోజు ఇంటికి వెళ్లి మా ఆవిడ చెప్పకుండానే ఫ్యాను తుడిచాను.

దసరా వెళ్లింది. రాష్ట్ర ఎంపిక పోటీలు వేరే జిల్లాలో పెట్టారు. ఆమెకు తోడుగా, కోచ్ హోదాలో, నన్ను పంపారు. బస్సులో దారి పొడుగునా ఆమెకు ధైర్యం చెప్పాను. "అక్కడ తగలాలమ్మా. ఇక్కడిది మర్చిపో, మునపటిలాగా కొట్టెయ్. నీకెంత పని!" ఆమె కిటికీలోంచి చూస్తూ, "అలగే సార్" అంది.

అక్కడి రేంజిని అలవాటు కొద్దీ ముందు తనిఖీ చేశాను. టార్గెట్లకు కవర్లు లేవు. షీట్లు జల్లెడల్లా ఉన్నాయి. అక్కడి ఇన్‌చార్జి వాటిని చుట్టచుట్టి చెత్తలో పారేసి కొత్తవి తొడుగుతున్నాడు, పాపభీతి లేకుండా. ఈయన మీద ఆస్తుల విభాగం కన్ను పడలేదు కాబోలు అని జాలిపడ్డాను.

పైడితల్లి వంతు వచ్చింది. బోర్లా పడుకుంది. నేను వెనకాల తాడు అవతల నిలబడ్డాను. తెర వెలుగుతోంది. చాలాకాలం తరవాత వెలిగిన తెరను చూడటం నాకు అదే మొదలు.

మొదటి రౌండు. తెర మీద చుక్క పడలేదు. అక్కడి మైకుల్లో ఎవరూ దూది పెట్టలేదని నాకు తెలుసు. రెండో రౌండు. చుక్క లేదు. ఆమె రైఫిలు దింపి, కళ్లు తుడుచుకుని, మళ్లీ ఎత్తింది. అప్పుడు చూశాను ఆమె భుజాన్ని. రౌండు పేలకముందే అదిరింది. అది నా అదురు. ఇన్నేళ్లుగా నా భుజంలో ఉన్నది ఇప్పుడు ఆమె భుజంలో ఉంది. నేను తాడు పట్టుకుని నిలబడ్డాను. లోపలికి వెళ్లి ఆమె చేతిలోంచి రైఫిలు లాగేసుకోవాలనిపించింది. కోచ్ తాడు దాటకూడదని రూలు ఉంది. నేను దాటలేదు.

అంతా అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది. "కన్ను మూసుకుపోతంది సార్. ఒద్దంతన్నా మూసుకుపోతంది" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం బాగుండేది. జట్టులో చోటు వేరే జిల్లా వాళ్లకి వెళ్లింది. వాళ్లు ఇంకా మా దగ్గరికి అధ్యయనానికి రాలేదట.

ఈ వార్త విని కోదండపాణి గారు ఫోను చేశారు. మా జిల్లా అభ్యర్థి ఇతర జిల్లాల ఆస్తులకు సైతం ఎటువంటి నష్టమూ కలిగించకుండా తిరిగి రావడం విభాగానికే గర్వకారణమట. ఈసారి షీల్డు కాస్త పెద్దది ఇప్పిస్తారట. చిత్తం సార్ అన్నాను.

మర్నాడు పొద్దున నేను మైకుల మీద దుమ్ము తుడుస్తుంటే పైడితల్లి వచ్చింది. డ్యూటీకి వెళ్లే ముందు వచ్చినట్టుంది, యూనిఫాంలో ఉంది. చాప తెచ్చి పరిచింది. రైఫిలు పక్కన పెట్టి లేచి నిలబడింది.

"సార్, మీరు సెప్పినట్టు తగలకుండా కాల్చీది నేర్సుకున్నాను. బాగానే నేర్పినారు. ఇప్పుడు మళ్లా తగిలీది నేర్పండి."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతోంది. గురువుగారికి అన్నీ తెలుసని నమ్మి అడుగుతోంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ముఖమల్ కవరు లాగేశాను. మైకుల్లోంచి దూది తీసి పారేశాను. తెర వెలిగించాను. ఇంకేం చేయాలో తోచక చేతిలో దుమ్ముగుడ్డతో ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"నాకు రాదమ్మా. నాకెప్పుడూ రాలేదు" అన్నాను. "తెలిసినవాళ్లను అడిగి చెబుతాను."

"ఎవురికి తెల్సు సార్?" అంది.

ఎవరికి తెలుసునా అని నేను మా జిల్లా మొత్తాన్నీ, స్టేషన్ స్టేషన్నూ తలుచుకుంటూ పోయాను. ఆ విద్య వచ్చిన మనిషి మా జిల్లాలో ఒక్కతే ఉండేది. ఆమే నా ఎదుట నిలబడి, చెబుతానేమోనని నా మొహంలోకి చూస్తోంది.